కనజావాలో ఒక్క రోజు: అమ్మకి కార్తీకం, అక్కడేమో పీతల సీజను. గైడ్‌ని పెట్టుకోనా?

గోదారిగట్టు
అమ్మానాన్న నవంబరు రెండో వారంలో టోక్యో వస్తున్నారు, నెలన్నర ఉంటారు. పోయినసారి క్యోటో తీసుకెళ్తే ఆ జనాన్ని చూసి నాన్న "దీనికన్నా పుష్కరాల రేవే నయంరా" అన్నారు. అందుకే ఈసారి కనజావా అనుకుంటున్నా. రాత్రికి అక్కడే ఉండి, ఒక రోజంతా ఊరు చూపించాలని.

ఒక టూర్ కంపెనీ వాళ్ళది "వారసత్వం, రుచులు" అని ఒక రోజు ప్యాకేజీ ఉంది. పొద్దున తొమ్మిదికి స్టేషన్ దగ్గర మొదలుపెట్టి కెన్‌రొకుఎన్ తోట, కోట, ఒమిచో మార్కెట్లో తిండి, సమురాయ్‌ల వాడ, పాత టీ ఇళ్ళుండే హిగాషి చాయా వీధి, చివర్లో బంగారు రేకు అంటించడం నేర్పుతారట. మనిషికి 19,000 యెన్‌లు, ముగ్గురికి 57,000. నాన్నకి ఈ లెక్క రూపాయల్లో చెప్పకూడదని ముందే ఒట్టు పెట్టుకున్నా.

చిక్కేంటంటే అది కార్తీక మాసం. అమ్మ నీసు ముట్టదు, సోమవారమైతే ఉల్లి, వెల్లుల్లి కూడా బంద్. నాన్నదేమో కోనసీమ. పైగా ఆయన మోకాళ్ళు ఎక్కువ మెట్లు ఒప్పుకోవు. డబ్బు పోతే పోయిందని గైడ్‌ని పెట్టుకోనా? మ్యాప్ పట్టుకుని నేనే తిప్పేయనా?

నిషికసాయ్_నాని
అనవసరం బాస్. లూప్ బస్సు రోజు పాసు 800, తోట టికెట్ 320. ప్రతి చోటా ఇంగ్లీషు బోర్డులుంటాయి. నేను మొత్తం ఊరు 3,000 లోపు చూసొచ్చా, భోజనంతో కలిపి. 57,000 పెడితే ఇంకో ఊరు కూడా చూడొచ్చు.

రైలుపిచ్చి
గైడ్ సంగతి తర్వాత, ముందు రైలు. కగయాకి అనే బుల్లెట్ రైలు ఎక్కండి, రెండున్నర గంటలు. అందులో అన్నీ రిజర్వేషన్ సీట్లే, ఊరికే ఎక్కేయడం కుదరదు. ఒకవైపు 14,000 చిల్లర. అమ్మానాన్న టూరిస్టు వీసా మీద వస్తున్నారని జేఆర్ పాస్ (విదేశీ టూరిస్టులకిచ్చే రైలు పాస్) కొనేయకండి, 2023 అక్టోబరులో ఏడు రోజుల పాస్ 29,650 నుంచి ఒక్కసారిగా 50,000 అయింది. ఈ ఒక్క ఊరికోసం గిట్టదు. 2015 మార్చిలో ఈ లైను పడకముందు దారిలో రైలు మారి, నాలుగు గంటలు కూర్చుని వెళ్ళేవాళ్ళం. జనం కూడా ఇంత ఉండేవాళ్ళు కాదులెండి.

గోదారిగట్టు
@రైలుపిచ్చి, పాస్ కొనబోతుంటే ఆపారు. థాంక్స్.

పప్పుచారు
అమ్మగారి తిండి సంగతి ముందు తేల్చుకోండి. గైడ్ ఉన్నా లేకపోయినా కొంప ముంచేది దాషి. ఎండబెట్టి పొగ పట్టించిన చేపని తురిమి, నీళ్ళల్లో వేసి తీసిన కట్టు. మిసో సూప్‌లో అదే, ఉడాన్ పులుసులో అదే, టెంపురా పక్కన ఇచ్చే చిన్న గిన్నెలో అదే. ఇనారి అని తియ్యటి టోఫు సంచిలో అన్నం పెడతారు చూడండి, దానికీ ఎక్కువగా అదే. "నికు నాషి" అంటే "మాంసం లేదు" అని సంతోషంగా తెచ్చిపెడతారు. వాళ్ళ దృష్టిలో దాషి చేప కాదు, మనకి పోపులో ఇంగువ లాంటిది. ఇంగువ తింటున్నామని ఎవరైనా అనుకుంటామా?

కాబట్టి "మాంసం, చేప, చేప దాషి ఏదీ వద్దు, కొంబు దాషి అయితే పర్వాలేదు" అని జపనీస్‌లో కాగితం మీద రాసి పెట్టుకోండి. కొంబు అంటే సముద్రపు నాచు. నోటితో చెప్పినా ఆ హోటల్ గోలలో సగమే వినపడుతుంది.

కరీంనగర్_పోరడు
నేనైతే ఉమెబోషి ఓనిగిరి, అంటే ఊరబెట్టిన పుల్లటి పండు పెట్టిన అన్నం ముద్ద, సేఫ్ అనుకొని తిన్న నాలుగేండ్లు. ఒకరోజు దోస్తు చదివి చెప్పిండు, ఎండు చేప తురుము కలిపిన రకం గూడ ఉంటదంట. నాలుగేండ్ల శనివారాలు గంగల కలిసినయ్.

పప్పుచారు
@కరీంనగర్_పోరడు, తెలియక తిన్నది లెక్కలోకి రాదులే తమ్ముడూ. తెలిశాక ఎన్ని తిన్నావో అది చెప్పు.

కరీంనగర్_పోరడు
గది అడుగొద్దన్న.

ఒసాకా_అక్క
నాని గారు 3,000కి చూశానంటే నమ్ముతాను. మొదటిసారి మేమూ అలాగే చూశాం. తోట బాగుంది, వీధి బాగుంది, ఐస్‌క్రీమ్ తిన్నాం, వచ్చేశాం. రెండోసారి అత్తయ్యగారితో వెళ్ళినప్పుడు ఒక వాలంటీర్ గైడ్ దొరికారు, రిటైరైన స్కూలు టీచరు. అప్పుడు తెలిసింది మొదటిసారి ఏం చూడలేదో.

హిగాషి చాయాలో ఇళ్ళ చూరుకింద ఎండు మొక్కజొన్న పొత్తులు వేలాడుతుంటాయి. మొదటిసారి చూసి అలంకారమనుకున్నా. అది దగ్గర్లోని కన్నోన్ (బౌద్ధుల కరుణామూర్తి) గుడిలో వేసవిలో జరిగే పండగనాడు తెచ్చి కట్టుకుంటారట. గింజలు ఎన్ని ఉంటే ఇంట్లో అంత కలిసొస్తుందని, పిల్లాపాపలు నిండుగా ఉంటారని. ఏడాదికోసారి మారుస్తారు. అత్తయ్యగారు వెంటనే "మన గుమ్మానికి వరి కంకుల కుచ్చు కట్టినట్టా?" అన్నారు. నేను దాన్ని ఇంగ్లీషులో చెప్తే ఆ టీచరమ్మ నోట్‌బుక్ తీసి రాసుకుంది! ఇది ఏ బోర్డు మీదా లేదు నాని గారూ.

ఇంకోటి. మయెదా వంశం వాళ్ళు 1583లో ఈ ఊరొచ్చారు. పది లక్షల కొకుల వరి ఆదాయం, షోగున్ (అప్పుడు జపాన్‌ని ఏలిన సేనాధిపతి) తర్వాత అంత పెద్ద జమీ ఇంకెవరికీ లేదు. కొకు అంటే సుమారు నూట యాభై కిలోల బియ్యం. అంత డబ్బుంటే షోగున్‌కి అనుమానం రాదూ? అందుకని సైన్యం మీద కాకుండా టీ, నాట్యం, లక్క పని, బంగారు రేకు, పట్టు అద్దకం వీటి మీద ఖర్చుపెట్టి "మేం సరదా మనుషులం" అనిపించుకున్నారట. మూడో ప్రభువైతే ముక్కులో వెంట్రుకలు పెంచుకుని వెర్రిబాగులవాడిలా కనబడేవాడని ఒక కథ. ఊరంతా ఎందుకంత ముచ్చటగా ఉందో ఆ ముక్కు వెంట్రుకల కథ విన్నాక నాకు అర్థమైంది.

బెజవాడ_బుల్లోడు
ముక్కు వెంట్రుకల డిప్లమసీ. మా మేనేజర్‌కి ముందు ఎవరు చెప్పారో!

బెజవాడ_బుల్లోడు
సరదా పక్కనపెడితే, నాది వేరే అనుభవం. పోయినేడాది సరిగ్గా ఇలాంటి ప్యాకేజీయే తీసుకున్నాం (కంపెనీ పేరు చెప్పను). ఇద్దరం శాకాహారులమని బుకింగులోనే రాశాం. మార్కెట్లో అందరికీ చేపలన్నం గిన్నెలు, మాకు ఉత్త అన్నం, దోసకాయ ముక్కలు, మిసో సూప్. దాషి ఉందా అని అడిగితే గైడ్ "కొంచెమే" అంది. డబ్బులు మాత్రం అందరితో సమానం. తోటలో 25 నిమిషాలు, జెండా పట్టుకుని పరుగు. బంగారు రేకు కొట్లో 50 నిమిషాలు. ఎందుకో మీకు చెప్పక్కర్లేదు కదా. ఒసాకా అక్కకి దొరికింది మనిషి, మాకు దొరికింది జెండా.

నిషికసాయ్_నాని
అదే నేను చెప్పేది!

ఒసాకా_అక్క
కాదు నానీ, నువ్వు చెప్పేది గైడ్ వద్దని. బుల్లోడు చెప్పేది ఆ గైడ్ వద్దని.

వానకోకిల
నేను ఆరేళ్ళుగా ఇక్కడే ఉంటున్నా, కకుమా కొండ మీద యూనివర్సిటీలో పీహెచ్‌డీ (అవును, ఇంకా అవలేదు, అడక్కండి). కొన్ని చెప్తా.

గొడుగు. ఇక్కడ ఒక సామెత ఉంది, "అన్నం డబ్బా మర్చిపోయినా గొడుగు మర్చిపోకు" అని. నవంబరులో పొద్దున ఎండ, పదింటికి వాన, పదకొండుకి మళ్ళీ ఎండ, మధ్యాహ్నం వడగళ్ళు. చలికాలం మొదట్లో ఉరుములు కూడా. ఆ ఉరుముకి "బురి ఒకోషి" అని పేరు, బురి చేపల్ని నిద్రలేపేది అని. ఆ ఉరుము వినగానే ఇక చేపలు పడతాయని జాలర్లకి గుర్తు.

బుధవారం రాకండి, ఒమిచోలో చాలా కొట్లు మూసేస్తారు. మధ్యాహ్నం దాటితే సందడి తగ్గిపోతుంది. నడుస్తూ తినడం అక్కడ మర్యాద కాదు, కొన్న కొట్టు ముందే నిలబడి తినేసి వెళ్ళాలి.

నాన్నగారికి 65 దాటితే కెన్‌రొకుఎన్ ఉచితం, పాస్‌పోర్టు చూపించాలి. తోట ఉన్నది చిన్న గుట్ట మీద, ఎక్కడం బస్సులో కానిచ్చి దిగడం మెల్లిగా నడవండి. మ్యోర్యుజి మాత్రం పెట్టుకోకండి. అందరూ నింజా గుడి అంటారు గానీ నింజాలెవరూ లేరు. బయటికి రెండంతస్తులు, లోపల నాలుగు, మెట్ల వరసలు 29. దొంగ తలుపులు, దాక్కునే గదులు అన్నీ బ్రహ్మాండంగా ఉంటాయి, కానీ ఆ మెట్లు చూసి మోకాళ్ళు ఏడుస్తాయి. వివరణ కూడా జపనీస్‌లోనే, ముందుగా ఫోన్ చేసి టైము తీసుకోవాలి.

గైడ్ విషయంలో నా సలహా: పొద్దుటి పూట మాత్రం పెట్టుకోండి. తోట, నీళ్ళు, కోట, సమురాయ్ వాడ చెప్పేవాళ్ళుంటేనే రుచి. సాయంత్రం చాయా వీధిలో మీ ముగ్గురే తిరగండి. గుడ్‌విల్ గైడ్‌లని వాలంటీర్లు ఉంటారు, ఫీజు తీసుకోరు, వాళ్ళ బస్సు ఖర్చు, టికెట్లు, భోజనం మనం చూసుకోవాలి. కనీసం రెండు వారాల ముందు అడగండి.

గోదారిగట్టు
@వానకోకిల, మీరు బంగారం అండీ. ఒక సందేహం. 2024 జనవరి 1న భూకంపం వచ్చింది ఆ జిల్లాలోనే కదా? అమ్మ టీవీలో చూసింది, అప్పటినుంచి భయం.

వానకోకిల
జిల్లా అదే, కానీ దెబ్బతిన్నది ఎక్కువగా ఉత్తరాన నొతో ద్వీపకల్పం. వజిమాలో పాత సంత వీధి మొత్తం కాలిపోయింది. కనజావాలో కోట రాతిగోడలు కొన్నిచోట్ల జారాయి, ఊరు మాత్రం నిలబడింది. వజిమా సంతవాళ్ళు కనజావాకి వచ్చి అమ్ముకుంటున్నారు, కనబడితే ఏదైనా కొనండి, లక్క గిన్నె గానీ చాప్‌స్టిక్స్ గానీ. అమ్మకి భయం వద్దని చెప్పండి.

నిషికసాయ్_నాని
కోట గురించి ఒకటి. అది డూప్లికేట్. పాతది 1881లో కాలిపోయింది, ఇప్పుడు మీరు చూసే పెద్ద బిల్డింగ్ 2001లో కట్టింది. వారసత్వం అని టికెట్ పెట్టి చూపించడం నాకు నచ్చలేదు.

రైలుపిచ్చి
ఇషికావా ద్వారం 1788 నాటిదే, అది ఒరిజినల్. దాని కప్పు తెల్లగా మెరుస్తుంది చూశారా, అది సీసపు పెంకు. యుద్ధమొస్తే కరిగించి తూటాలు పోసుకుందామనే పెట్టారని కథ చెప్తారు. 2001లో కట్టినదాన్ని కూడా పాత పద్ధతిలో కొయ్యకి కొయ్య బిగించి కట్టారు. ఇసే గుడికి ఇరవయ్యేళ్ళకోసారి పక్కనే కొత్తది కట్టి పాతది విప్పేస్తారు, దాన్నీ డూప్లికేట్ అంటారా?

తెనాలి_తాత
శ్రీకాళహస్తి రాజగోపురం 2010లో కూలిపోతే మళ్ళీ కట్టుకున్నాం. కింద నిలబడి దణ్ణం పెట్టేవాడెవడూ ఇది డూప్లికేట్ అనడం నేను వినలేదు.

నిషికసాయ్_నాని
తాతగారు వచ్చారు, నేను సైలెంట్.

కరీంనగర్_పోరడు
గా బంగారం ఐస్‌క్రీమ్ గురించి ఎవ్వరు చెప్తలేరేంది? దాదాపు వెయ్యి యెన్‌లు. కోన్ మీద పూర్తి రేకు కప్పుతరు. నాలుకకు ఏం తెల్వది. మీసానికి మాత్రం బాగ అంటుకుంటది. సాయంత్రం దాక నేను కుబేరుని లెక్క తిరిగిన.

చార్మినార్_చాయ్
రుచి ఎక్కడుంటది భై, మందం పదివేల వంతు మిల్లీమీటరు! పది యెన్‌ల బిళ్ళంత బంగారాన్ని కొట్టి కొట్టి ఒక చాపంత చేస్తరు. మా పాతబస్తీలో మిఠాయి మీద వేసే వరఖ్ చప్పుడు వింటూ పెరిగిన, అందుకే అక్కడ కొట్టే పని చూడనీకి పోయిన. మన దగ్గర తోలు పొరల మధ్యల పెట్టి సుత్తితోని కొడుతుండె. వాళ్ళు కాగితం మధ్యల పెడతరు. ఆ కాగితం తయారు చేయడమే సగం పని అని చెప్పిండ్రు. గడ్డి బూడిద నీళ్ళు, పచ్చి కాకి (పెర్సిమన్) పండ్ల రసం పట్టించి నెలల తరబడి సాదుతరు. ఈ పద్ధతిని ఎంత్సుకె అంటరు, ఇది 2020ల యునెస్కో జాబితాలకు ఎక్కింది, కొయ్య గుళ్ళు బాగుచేసే విద్యలతోని కలిపి.

జపాన్‌ల తయారయ్యే బంగారు రేకులో 99 శాతం ఈ ఒక్క ఊరిదే. ఎందుకంటే వాన. తేమ గాలిల రేకు చిట్లదు, కరెంటు పట్టి అంటుకపోదు. గొడుగు మోసినందుకు బంగారం ఇచ్చిండు దేవుడు.

పప్పుచారు
కాగితానికి గుడ్డు తెల్లసొన కూడా పట్టిస్తారని విన్నానే. అయితే ఆ ఐస్‌క్రీమ్ కార్తీకంలో పనికొస్తుందా?

చార్మినార్_చాయ్
అంత దూరం ఆలోచిస్తే మంచినీళ్ళు గూడ తాగలేం అన్నా.

గోదారిగట్టు
నిర్ణయం: ప్యాకేజీ వద్దు. పొద్దున గుడ్‌విల్ గైడ్, సాయంత్రం మేమే. గైడ్‌కి మెయిల్ పెట్టా, ఒప్పుకున్నారు. అమ్మ భోజనం గురించి పప్పుచారు గారు చెప్పిన కాగితం రాసి వాళ్ళకీ పంపా. వచ్చాక చెప్తా.

ఒసాకా_అక్క
సాక్సులు చిరుగుల్లేనివి వేసుకోమను నాన్నగారిని. ప్రతి ఇంట్లో చెప్పులు విప్పాలి.

బెజవాడ_బుల్లోడు
పీతల సంగతి ఎవరూ తేల్చలేదు.

వానకోకిల
నవంబరు 6న మొదలవుతుంది వేట. మగదాన్ని కనో అంటారు, కాలికి నీలం ట్యాగు కడతారు, ధర చూస్తే మనకి చలి జ్వరం. ఆడదాన్ని కొబాకో అంటారు, చిన్నది, లోపల గుడ్లతో. డిసెంబరు 29 వరకే దొరుకుతుంది. ఇక్కడివాళ్ళు ఎదురుచూసేది దానికోసమే.

గోదారిగట్టు
వెళ్ళొచ్చాం. కొంచెం పొడుగు పోస్టు, ఓపిక పట్టండి.

రైల్లో అమ్మ పులిహోర విప్పింది. పక్క సీటు జపాన్ పెద్దాయన ముక్కు ఎగబీల్చి నవ్వాడు, ఆయనకీ ఒక ముద్ద వెళ్ళింది. స్టేషన్ బయట డోలు ఆకారంలో చేసిన పెద్ద కొయ్య ద్వారం ఉంటుంది కదా, దానికింద ఫొటో తీసుకునేలోపు వాన. మూడు గొడుగులూ తెరిచాం. వానకోకిల గారికి ముగ్గురి తరఫున దణ్ణం.

గైడ్ డెబ్బై ఏళ్ళ పెద్దాయన. నాన్న నడక చూసి తన మోకాలు తట్టి చూపించారు, "నాకూ ఇదే" అని. అక్కడినుంచి నేను దుబాసీని మాత్రమే.

తోటలో ఆ రోజు ఒక పెద్ద పైన్ చెట్టుకి తాళ్ళు కడుతున్నారు. కొమ్మలమీద తడి మంచు బరువు పడి విరగకుండా, చెట్టు నడుమ ఎత్తయిన గుంజ పాతి దాని కొసనుంచి గొడుగు ఊచల్లా తాళ్ళు. గుంజ ఎక్కి కూర్చున్న మనిషి తాడు విసిరితే కిందివాడు పట్టుకుని కొమ్మకి ముడేస్తున్నాడు. నాన్న అడిగిన మొదటి ప్రశ్న "తాడు దేంతో పేనారు?" వరిగడ్డి. అంతే, ఆయన మొహం వెలిగింది. ఇంకో చెట్టు వేళ్ళన్నీ రెండు మీటర్ల ఎత్తుకి నేలపైకి లేచి ఉంటుంది. చిన్నప్పుడు మట్టి దిబ్బమీద నాటి, పెరిగాక మట్టి కొంచెంకొంచెంగా తీసేశారట. అమ్మ "పాపం, చీర కుచ్చిళ్ళు ఎత్తి పట్టుకున్నట్టుంది" అంది.

అసలు కథ నీళ్ళ దగ్గర. తోటలో ఒక చిన్న ఫౌంటెన్ ఉంది, మూడున్నర మీటర్లు చిమ్ముతుంది, మోటారు లేదు. పైనున్న చెరువు మట్టానికీ దీనికీ తేడావల్లే లేస్తుంది. గైడ్ గారు అక్కడ ఆగి, 1631లో ఊరు తగలబడితే మరుసటి ఏడాదే సాయి నది ఎగువనుంచి పదకొండు కిలోమీటర్ల కాలువ తవ్వి కోటకి నీళ్ళు తెచ్చారని చెప్పారు. కోటకీ తోటకీ మధ్య పల్లం. ఆ పల్లంలోకి గొట్టంలో దించి అవతల మళ్ళీ పైకి లేపారు. ముందు కొయ్య గొట్టాలు, తర్వాత రాతివి.

మా నాన్న ఇరిగేషన్‌లో ముప్పయ్యేళ్ళు చేశారు, డెల్టా కాలవలమీద. ఇది మీకెవరికీ చెప్పలేదు కదూ, నాకే గుర్తులేదు. "ఇన్వర్టెడ్ సైఫనా? 1632లోనా? వాలు ఎంత పెట్టాడు?" అని ఆయన, "నాకు తెలీదు, మీరు చెప్పండి" అని ఈయన. వానలో గొడుగు కింద గైడ్ గారి మ్యాపు వెనక బొమ్మ గీసి నష్టాలు, వాలు, పూడిక తీసే పద్ధతి అన్నీ నాన్నే వివరించారు. గన్నవరం అక్విడక్టు కూడా వచ్చిందా బొమ్మలోకి. కోట కూడా మా ప్లానులో ఉంది, వెళ్ళనేలేదు. రెండుకాళ్ళ రాతిదీపం దగ్గర అందరూ ఫొటోలకి క్యూ కడితే వీళ్ళిద్దరూ దానికి వీపు తిప్పి కాలువ గట్టు చూస్తున్నారు.

సమురాయ్ వాడలో మట్టిగోడలు. వాటికీ చలికాలంలో గడ్డి చాపలు కప్పుతారట, తడి మంచుకి మట్టి పెళ్ళలు ఊడకుండా. అది డిసెంబరులో, మేం చూడలేదు.

భోజనం గైడ్ గారు ముందే ఫోన్ చేసి మాట్లాడిపెట్టారు. కొంబు దాషితో పులుసు, అందులో గోధుమ పిండిలోని జిగురుతో చేసే "ఫు" ముక్కలు, తురిమి ఆవిరిపట్టిన తామరదుంప, చిలగడదుంప టెంపురా ఉప్పుతో. అమ్మ ఫు తిని "ఇది పనీరుకి తమ్ముడా?" అంది. మామూలుగా ఇక్కడి పేరున్న కూర జిబుని, బాతు మాంసంతో. బాతు తీసేసి ఫు పెట్టారు. లెక్క ముగ్గురికీ, గైడ్ గారికీ కలిపి పదివేలు దాటలేదు.

సాయంత్రం చాయా వీధి. మొక్కజొన్న పొత్తులు అమ్మకి నేనే చూపించా, ఒసాకా అక్క దగ్గర కొట్టేసిన జ్ఞానం. అమ్మ గైడ్‌కన్నా నువ్వే నయం అంది, నిజం చెప్పలేదు. ఒక మిఠాయి కొట్లో చోసెయిదెన్ అని బియ్యప్పిండి, పంచదార కలిపి కొయ్య అచ్చులో కొట్టి తీసిన బిళ్ళ రుచి చూసింది. "పెళ్ళిలో పంచదార చిలకలు చేసే అచ్చే కదరా ఇది" అని ఆ కొట్టు గోడకున్న అచ్చుల దగ్గర పావుగంట. బంగారం ఐస్‌క్రీమ్ కొనలేదు. కరీంనగర్ తమ్ముడి మీసం తలుచుకుని నవ్వుకున్నా.

బెజవాడ_బుల్లోడు
పీతలు??

గోదారిగట్టు
వస్తున్నా. భోజనానికి ముందే ఒమిచోకి వెళ్ళాం. గుట్టలు గుట్టలు. నీలం ట్యాగులు. నాన్న ఒక కొట్టు ముందు ఆగి పది నిమిషాలు కదల్లేదు. నేను మెల్లిగా "అమ్మ అటు దుంపలు చూస్తోంది, కొబాకో ఒకటి తినేయండి" అన్నా. అప్పుడు తెలిసింది, కార్తీకం అమ్మ పెట్టింది కాదు! మోకాళ్ళు తగ్గాలని ఆయనే మొక్కుకున్నారట. ఎవరికీ చెప్పకుండా. అమ్మ అయితే "తినమనే అన్నాను, వింటేగా" అంది.

తెనాలి_తాత
మంచి పని చేశారు నాన్నగారు. మోకాళ్ళు తగ్గాయా?

గోదారిగట్టు
ఆ రోజు పద్నాలుగు వేల అడుగులు నడిచారు తాతగారూ. సైఫన్ మహిమో, శివుడి మహిమో.

పప్పుచారు
పోలి పాడ్యమి ఎప్పుడు? వాళ్ళు నెలన్నర ఉంటారన్నారుగా.

వానకోకిల
అవును! డిసెంబరు 29 వరకూ కొబాకో ఉంటుంది. ఒమిచోలో చాలా కొట్లు ఉడికించి కూల్ తక్యుబిన్‌లో (చల్లగా ఉంచే కొరియర్) టోక్యోకి పంపుతాయి, మర్నాడు ఇంటికి వస్తుంది. కార్తీకం వెళ్ళిన మర్నాటికి తేదీ పెట్టి ఆర్డర్ చేయండి.

గోదారిగట్టు
ఇది నాకెందుకు తట్టలేదు! చేసేశా. ఎనిమిది కొబాకో. నాన్నకి చెప్పలేదు. అమ్మకి చెప్తే "అల్లం వెల్లుల్లి నూరి పెడతా" అంది.

వానకోకిల
అయ్యో మసాలా పెట్టొద్దని చెప్పండి! దాన్ని అలాగే తినాలి, కాస్త వెనిగర్‌తో.

కరీంనగర్_పోరడు
కోనసీమాయనకు వెనిగర్ ఇస్తవా అక్కా. మొక్కు తీర్చుకున్న మనిషి, పులుసు పెట్టుర్రి.

ఒసాకా_అక్క
నాలుగు అలాగే, నాలుగు పులుసు. గొడవ తీరింది.

నిషికసాయ్_నాని
సరే, ఒప్పుకుంటున్నా, ఆ గైడ్ బాగున్నాడు. నేను ఫిబ్రవరిలో మా ఆవిడతో మళ్ళీ వెళ్తున్నా. మెయిల్ ఎక్కడ పెట్టాలో ఎవరైనా ప్రైవేటుగా పంపండి. మంచు బూట్లు కొనాలా? ఇంకేమైనా తీసుకెళ్ళాలా?

వానకోకిల
బూట్లు కొనండి, అడుగున పట్టు ఉన్నవి.

రైలుపిచ్చి
గొడుగు.

చార్మినార్_చాయ్
గొడుగు.

గోదారిగట్టు
గొడుగు, పులిహోర.